గీర అన్న మాట

మా ఖేడ్‌లో ఒక మనిషిని మూలకు నెట్టడానికి ఒక్క మాట చాలు. గీర. పలకరిస్తే నవ్వలేదా, గీర. పెళ్ళికి పోయి ఒక పక్కన కూర్చున్నాడా, గీర. దండం పెడితే చెయ్యి సగమే లేచిందా, ఇక చెప్పనే అక్కర్లేదు. ఈ మాట పడిన మనిషికి ఏమైనా సరే, దవాఖానకు తీసుకుపోదామని ఎవరికీ తోచదు. అదే దిగుతుందిలే అంటారు. మా అన్నను ఏడేళ్ళు ఇట్లాగే అన్నారు. అన్నవాళ్ళలో నేను అందరికన్నా ముందున్నాను. అందుకే దీన్ని నెమ్మదిగా, మర్యాదగా రాయడం నా వల్ల కాదు.

నేను ఇక్కడే సర్కారు బడిలో సైన్సు చెబుతాను. అన్న నాకన్నా ఆరేళ్ళు పెద్ద. మాది కమ్మరి ఇల్లు. బాపు కొలిమి ముందు కూర్చొని కర్రులు సాగగొట్టేవాడు, కొడవళ్ళకు పదును పెట్టేవాడు. ట్రాక్టర్లు వచ్చి నాగళ్ళు మూలపడ్డాక, 2001లో అన్న ఊరి చివర రేకుల షెడ్డు వేసి వెల్డింగ్ మిషన్ పెట్టాడు. గేట్లు, కిటికీ చువ్వలు, ట్రాలీలు, ఏదొస్తే అది. అప్పట్లో అన్న నవ్వితే పక్కనున్న పంక్చర్ దుకాణం దాకా వినబడేది. ఆ దుకాణం చాచా పని ఆపి, ఏమైందో తెలియకుండానే తానూ నవ్వేవాడు.

కొలతలు కాగితం మీద రాసుకోవడం అన్నకు ఇష్టముండేది కాదు. షెడ్డు మూడు గోడలకూ నల్లరంగు పూసి సుద్దముక్కతో రాసేవాడు. ముందు గేటు బొమ్మ, పక్కన ఎత్తు, వెడల్పు, పైన ఊరి పేరు. కల్హేర్ గేటు. నాగల్‌గిద్ద ట్రాలీ. అంకెలు జానెడేసి ఉండేవి, రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా చదవొచ్చు. పని అయిపోతే అడ్డంగా ఒక గీత కొట్టేవాడు గాని చెరిపేవాడు కాదు. చెరిపితే పని మళ్ళీ రాదని నమ్మకం. మొదటి గోడ ఏడాది తిరక్కుండానే నిండిపోయింది.

పొగ గురించి మా ఇంట్లో ఎవరూ భయపడలేదు. భయపడకపోవడానికి మాకొక శాస్త్రం ఉండేది. బాపు చెప్పిన శాస్త్రం. కండ్లు మండితే చెడ్డ పొగ, మండకపోతే మంచి పొగ. కొలిమి పొగకు కండ్లు మండి నీళ్ళు కారేవి. వెల్డింగ్ మెరుపుకు కండ్లు పోతాయని తెలుసు, దానికి అన్న నల్ల అద్దం అడ్డం పెట్టుకునేవాడు. మరి పొగ? అది నీలంగా, సన్నగా లేచి ముఖం మీదుగా పోయేది. ముక్కుకు కాస్త ఇనుప వాసన తగిలేది, అంతే. బాపు పరీక్షలో అది మంచి పొగే. పైగా సాయంత్రం షెడ్డు మూసేముందు అన్న నిమ్మకాయంత బెల్లం ముక్క తినేవాడు. లోపల చేరిన దుమ్మంతా బెల్లంతో జారిపోతుందట. జహీరాబాద్ వైపు పోయినప్పుడల్లా మంచి బెల్లం చూసి తెచ్చిచ్చింది నేను. సైన్సు టీచర్ని.

ఆ తరువాత వానలు లేని ఏండ్లు వచ్చాయి. ఊళ్ళకు ట్యాంకర్లతో నీళ్ళు పోసేవారు. పాత ట్యాంకర్లు, రోజుకొకటి కారేది. లోపలి నుంచి అతుకు వేయాలంటే పైనున్న మూత కంతలోంచి మనిషి దిగాలి. ఎండాకాలం, ఇనుప ట్యాంకు, గాలి లేదు, లోపల పొగ. అన్న దిగేవాడు. బయటికి వచ్చేసరికి తల పట్టుకొని ఒక గంట మాట్లాడేవాడు కాదు. ఇంత కష్టమెందుకు, వేరేవాళ్ళకు చెప్పరాదా అని వదిన అడిగితే, ఆ ఊరోళ్ళు బిందెలు వరసపెట్టి కూర్చున్నారు గదా అనేవాడు. అన్న అతికిన ట్యాంకర్ల నీళ్ళు ఇటు బోరంచ నుంచి అటు నాగల్‌గిద్ద దాకా తాగారు. తాగినవాళ్ళే తరువాత గీర అన్నారు. నా కోపం ఎక్కడి నుంచి మొదలవుతుందంటే, ఇక్కడి నుంచే.

ముందు ముఖం పోయింది. 2007 ప్రాంతంలో అనుకుంటాను. ముఖం పోవడమంటే రూపం మారిపోవడం కాదు, కండ్లూ ముక్కూ అన్నీ అక్కడే ఉన్నాయి, నవ్వు ఒక్కటి రావడం మానేసింది. జోకు చెబితే చెక్క బొమ్మలాగా చూసేవాడు. గొంతు తగ్గింది. అడిగిన దానికి జవాబు రావడానికి ఇంత సేపు పట్టేది. చాలాసార్లు అడిగినవాళ్ళు అప్పటికే ముఖం తిప్పుకొని వెళ్ళిపోయేవారు. మధ్యలో ఉన్నట్టుండి కోపం. గేటు ఇంకా కాలేదా అని అడిగిన రైతు మీదికి సుత్తి ఎత్తాడు. షెడ్డు బాగా నడుస్తోంది, నాలుగు ఊళ్ళ పని వస్తోంది, ఇక గీర ఎక్కదా అని అందరూ తేల్చేశారు.

2008లో నాకు బిడ్డ పుట్టింది. అన్నావదినలకు పిల్లలు లేరు. దానికీ ఊరు ఏదో ఒకటి అనేది, అది వేరే కోపం. దవాఖానకు అన్న వచ్చాడు. మంచం పక్కన నిలబడ్డాడు. బిడ్డను ఎత్తి చేతుల్లో పెట్టబోతే రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. ముఖంలో ఏమీ లేదు. ఒక్క మాట లేదు. కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. ఆ రోజు నేను ఎంత ఏడ్చానో మా ఆయనకు తెలుసు. పిల్లలు లేరని ఓర్వలేడేమో అని కూడా అన్నాను. నా నోటితోనే అన్నాను. ఆ తరువాత రెండేళ్ళు అన్నతో సరిగ్గా మాట్లాడలేదు.

చాచా ఒక్కడే వేరేగా చూశాడు. బడి నుంచి వస్తుంటే ఒకసారి ఆపి, మీ అన్న గోడ మీద రాసేది నాకు కనిపిస్తలేదు బేటీ, చీమలంత రాస్తున్నాడు, కండ్లు పోతున్నాయేమో అద్దాలు ఇప్పించమన్నాడు. సరే చాచా అన్నాను. ఇప్పించలేదు. గీర ఉన్నవాడికి నేనెందుకు ఇప్పించాలి?

2010లో వదిన వాళ్ళ నాయన పోయాడు. నాగల్‌గిద్దలో చావు. శవాన్ని లేపుతుంటే, అందరూ ఏడుస్తుంటే, అన్న నవ్వాడు. మూడేళ్ళుగా కనబడని నవ్వు ఆ వేళప్పుడు వచ్చింది. ఆపుకోవాలని నోరు మూసుకున్నా ఆగలేదు, భుజాలు కదిలిపోతూ నవ్వాడు. వదిన అన్నదమ్ములు కొట్టబోయారు. పెద్దలు అడ్డం పడి, పదిరోజులు కానియ్యండి, కూర్చొని మాట్లాడదామన్నారు.

పంచాయితీ మా కులపెద్ద ఇంటి వరండాలో పెట్టారు. ఇరవై మంది ఉంటారు. అన్న ఒక మూల స్టూలు మీద కూర్చున్నాడు. ఎవరేమడిగినా నేల చూపే. వదిన అన్నదమ్ములు అరిచారు, మావాళ్ళు అరిచారు. అప్పుడు వదిన లేచింది. తక్కువ మాట్లాడే మనిషి. ఆమె అడిగిన మాట నాకు అక్షరం కూడా మరుపు రాదు.

“నాకు ఒక్కటే జెప్పుండ్రి. గీ మనిషికి బీమారా, గీరా? బీమారైతే నేనుంట, సేవ జేస్త. గీరైతే పోత.”

అందరూ నా వైపు చూశారు. చదువుకున్నదాన్ని కదా. కులపెద్ద నన్నే అడిగాడు, నువ్వు జెప్పు బిడ్డా, మీ అన్నకేమైందని. నేను ఆలోచించలేదు. దవాఖాన మంచం పక్కన వెనక్కి పోయిన ఆ రెండు చేతులే కండ్ల ముందు ఉన్నాయి.

“బీమారేం లేదు. గీర,” అన్నాను.

వదిన సామాను సర్దుకొని ఆ సాయంత్రమే నాగల్‌గిద్ద ఆటో ఎక్కింది. అన్న షెడ్డుకు పోయి పని చేసుకున్నాడు. చూశారా, ఎంత పొగరో అన్నారు. ఇంకేం చేయాలి ఆ మనిషి? నోరు విప్పి చెబుదామంటే నోటికి మాట అందదు, ఏడుద్దామంటే ముఖం కదలదు. పని ఒక్కటే చేతికి అలవాటై ఉంది. అదే పని, అదే పొగ, సాయంత్రానికి అదే బెల్లం. ఇంకో రెండేళ్ళు.

రెండేళ్ళ తరువాత అన్న షెడ్డులోనే పడ్డాడు. అంతకుముందు కూడా పడుతున్నాడట, తాగి పడుతున్నాడని అనుకున్నారట. జీవితంలో చుక్క ముట్టని మనిషి. ఊళ్ళో ఆర్‌ఎంపీ బలానికి సూదులు వేశాడు. మేనత్త బోరంచ నల్లపోచమ్మకు మొక్కింది. ఈసారి భుజం ఎముక విరిగింది కాబట్టి పట్నం తీసుకుపోక తప్పలేదు. భుజం చూసిన డాక్టరు అన్న నడక చూసి ఇంకో డాక్టరు దగ్గరికి పంపాడు. తలకాయ నరాలు చూసే డాక్టరు.

ఆ డాక్టరు వెనక్కి నడవమన్నాడు. రెండడుగులకే పడబోతే నేను పట్టుకున్నాను. కాగితం ఇచ్చి మీ ఊరి పేరు పదిసార్లు రాయమన్నాడు. నారాయణఖేడ్ అని అన్న రాశాడు. మొదటిది కాస్త బాగానే ఉంది. నాలుగోది సగానికి సగమైంది. పదోది చదవడానికి నేను కాగితం కండ్ల దగ్గరికి పెట్టుకోవాల్సి వచ్చింది. చీమలంత. చాచా చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది.

ఏం పని చేస్తాడని డాక్టరు అడిగాడు. వెల్డింగ్ అన్నాను. పెన్ను కింద పెట్టాడు. ఎన్నేళ్ళు, ముఖానికి గుడ్డయినా కట్టేవాడా, లోపల మూసుకున్న చోట్ల చేసేవాడా అని ఒక్కొక్కటే అడిగాడు. ట్యాంకర్ల సంగతి చెబితే తల పట్టుకున్నాడు. తరువాత నాకు పాఠం చెప్పాడు, పిల్లలకు నేను చెప్పినట్టే ఓపిగ్గా. వెల్డింగ్ రాడ్డులో మాంగనీసు ఉంటుంది. కాలినప్పుడు అది పొగలో కలుస్తుంది. ఆ పొగలో కణాలు ఎంత సన్నమంటే, వెంట్రుక మందాన్ని వెయ్యి ముక్కలు చేస్తే ఒక ముక్కంత. అంత సన్నమైనవి ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి పోతాయి. వాసన తెలిపే నరం పట్టుకొని ముక్కు నుంచి నేరుగా మెదడులోకి కూడా పోతాయేమోనని అనుకుంటున్నారు. ఎలుకల్లో చూశారు, మనుషుల్లో ఇంకా ఖాయంగా తేలలేదు. మెదడులో చేరితే ముఖం బిగుసుకుపోతుంది, రాత చిన్నదవుతుంది, నడక చెడుతుంది, కారణం లేకుండా కోపం, కారణం లేకుండా నవ్వు.

నవ్వా, అన్నాను. అవునమ్మా, నవ్వినా ఏడ్చినా వాళ్ళ చేతుల్లో ఉండదు అన్నాడు.

మరి మా అన్నకు వచ్చింది ఇదేనా అని అడిగాను. అంతకుముందే తీయించిన స్కాను మళ్ళీ చూశాడు, రక్తం కాగితం మళ్ళీ చూశాడు.

“కావచ్చు,” అన్నాడు. “పొగ వల్లనే అని ఖాయంగా చెప్పలేను. కాని జబ్బు మాత్రం జబ్బే.”

ఆ డాక్టరు మీద నాకు కోపం లేదు. అంత చదివి, అన్నీ చూసి కూడా తెలియనంత వరకు తెలియదన్నాడు. మేమో? ముఖం చూసి ఖాయం చేశాం. చేతులు వెనక్కి పెట్టుకుంటే ఖాయం చేశాం. ఇరవై మంది కూర్చున్న వరండాలో నేను కావచ్చు అని కూడా అనలేదు. అని ఉంటే వదిన ఉండిపోయేది. ఉంటే రెండేళ్ళ ముందే ఎవరో ఒకరు అన్నను ఆ పొగలోంచి లాగేవారు.

తిరుగు బస్సులో సంగారెడ్డి దాటాక అన్న ఏదో అనబోతున్నాడని తెలిసింది. ఆ పెదవులు కదలడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఆగాను. జీవితంలో మొదటిసారి ఆగాను.

“చేతులు వణుకుతుండె,” అన్నాడు. “బిడ్డను జారిడిస్తనేమో అని ఎత్తుకోలే.”

నాలుగేళ్ళు మోశాడు ఆ మాటను. చెప్పడానికి నోరు సాయం రాలేదో, నేనే ఆగి వినలేదో. రెండోదే అయి ఉంటుంది.

మరునాడు షెడ్డు తాళం తీసి గోడలు చూశాను. అన్నీ అక్కడే ఉన్నాయి. మొదటి గోడ మీద జానెడు అంకెలు. రెండో గోడ మీద బెత్తెడు. మూడో గోడ అయిదారేళ్ళదైనా సగం కూడా నిండలేదు. నాగల్‌గిద్ద అన్న పేరు బియ్యపు గింజంత ఉంది. డాక్టరు పది నిమిషాల్లో పట్టుకున్నది పదేళ్ళుగా గోడ మీద తెల్లగా రాసి ఉంది. రోజూ ఆ షెడ్డు ముందు నుంచే నేను బడికి పోయాను.

అక్కడితో అయిపోలేదు. అన్న బట్టలు మా ఇంటికి తెద్దామని అన్న ఇంటికి పోయి, చాయ్ పెడదామని వంటింటి అలమారలో చక్కెర డబ్బా తీశాను. అలమార అరలకు వదిన రాడ్ల అట్టపెట్టెలు విప్పి పరిచింది. గట్టి అట్ట, పారేయడానికి మనసొప్పదు. డబ్బా కింద అట్ట మీద ఇంగ్లీషు అక్షరాలు, నువ్వుగింజలంత. ఈ పొగ పీల్చరాదు. గాలి ఆడని చోట వాడరాదు. నరాలకు హాని జరగవచ్చు. ఆ ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగినది నేనొక్కదాన్నే. ఆ డబ్బా నేను ఎన్ని వందల సార్లు తీసి ఉంటానో. ఆ రాడ్లు చేసినవాళ్ళను అడుగుతున్నాను, మీకు భయం ఉన్నట్టుంది, మరి అంత చిన్నగా ఎందుకు రాశారు? తెలుగులో ఒక్క ముక్క రాస్తే మీ అట్ట అరిగిపోతుందా? వాళ్ళను అడిగి నన్ను వదిలేయలేను. చిన్నగా రాసినవాళ్ళు వాళ్ళు, చూడనిదాన్ని నేను.

ఆ వారమే బడిలో శ్వాస పాఠం వచ్చింది. ముక్కులోని వెంట్రుకలు దుమ్మును ఆపుతాయి అని పుస్తకంలో ఉంది, పదేళ్ళుగా నేనూ అదే చెప్పాను. ఈసారి చెప్పలేకపోయాను. ఆపనివి కూడా ఉంటాయి, వాటిని నానో కణాలు అంటారు, నానో అంటే తెలుసా అని అడిగాను. కారు, టీచర్ అని క్లాసంతా అరిచింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎవరింట్లో వెల్డింగ్ పని ఉందో చేతులెత్తమంటే ముగ్గురు ఎత్తారు. బెల్లం తింటారా అని అడిగాను. తింటారన్నారు. ఆ ముగ్గురి ఇళ్ళకూ పోయాను. రెండిళ్ళలో విన్నారు. మూడో ఇంట్లో మాత్రం మీ అన్నకు గీర గదా, దానికి పొగనంటవేంది అన్నారు.

మందులు మొదలుపెట్టాం, షెడ్డు మూసేశాం. పోయింది తిరిగి రాదని డాక్టరు ముందే చెప్పాడు. 2013లో డాక్టరు కాగితాలు పట్టుకొని నాగల్‌గిద్ద పోయాను. వదిన చేను దగ్గర కందులు ఎండబోస్తోంది. చూసి కూర్చోమనలేదు. నిలబడే అంతా చెప్పాను. పొగ, కణాలు, ముఖం, వాళ్ళ నాయన చావు రోజు నవ్వు. “హౌదా,” అంది వాళ్ళ వైపు మాటలో. నిజమేనా అని. నిజమే వదినా అన్నాను. కాగితాలు చేతికి తీసుకోలేదు.

“నాకెందుకు జెప్తున్నవ్? ఆనాడు జెప్పింది నాకొక్కదానికి గాదు గదా. గా ఇరవై మందిని మల్ల కూసోబెట్టు. ఆళ్ళ ముంగట జెప్పు. అప్పుడొస్త.”

ఇరవై మందిని మళ్ళీ కూర్చోబెట్టడం అనుకున్నంత తేలిక కాదు. అయిపోయిన పంచాయితీని తవ్వుతావెందుకన్నారు. పది ఇళ్ళకు మూడేసిసార్లు తిరిగాను. చివరికి పదకొండు మంది వచ్చారు. అదే వరండా, అదే స్టూలు మీద అన్న. వదిన గడప దగ్గర సంచి పెట్టుకొని నిలబడింది. నేను లేచి, ఆ రోజు నేను చెప్పింది తప్పు, అన్నకు బీమారి, గీర కాదు అన్నాను. ట్యాంకర్ల సంగతి గుర్తు చేశాను. వాళ్ళ ఊళ్ళ పేర్లు చదివాను, గోడ మీద నుంచి ఎత్తి రాసుకున్నవి. కొందరు తల వంచుకున్నారు. చాచాను కూడా పిలిచాను, రాత సంగతి ఆయన చెప్పాడు.

సరిగ్గా అప్పుడే అన్నకు నవ్వు వచ్చింది. అదే నవ్వు. నోరు మూసుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి, కండ్లలోంచి నీళ్ళు కారుతున్నాయి. కులపెద్ద పక్కనున్న మనిషి వైపు వంగాడు. మెల్లగా అన్నాననుకున్నాడు గాని అందరికీ వినబడింది.

“సూసినవా, ఇంక గీర పోలే.”

అంతసేపూ నేను గొంతు చించుకున్నది గాలికి పోయింది. కులపెద్ద మీదికి పోబోయాను. నాకన్నా ముందే వదిన వరండా దాటి వచ్చింది. ఎవరి వైపూ చూడలేదు. కొంగుతో అన్న మూతి తుడిచింది. నవ్వు ఆగేదాకా భుజం మీద చెయ్యి వేసి నిలబడింది, ఎంతసేపు పట్టినా నిలబడింది. ఆగాక లేపి, సంచి భుజాన వేసుకొని, చెయ్యి పట్టి మెట్లు దింపింది. నా పక్క నుంచే పోయింది. నాతో మాట లేదు.

ఏడాది దాటింది. వాళ్ళిద్దరూ మా పాత ఇంట్లోనే ఉంటున్నారు. వారానికి రెండుసార్లు పోతాను, మందులు ఇచ్చి వస్తాను. అన్న పక్కన నా బిడ్డ కూర్చుంటుంది. దానికి ఆరేళ్ళు, ఎత్తుకోవాల్సిన పని లేదు. వదిన నాకు చాయ్ పోస్తుంది గాని ఈ రోజుకూ మాట్లాడదు. మొన్న బజారులో ఒకామె నాతో అంది, మీ వదినకు బాగా గీరెక్కింది కదా అని. ఆమె చెయ్యి పట్టుకొని, పదిమంది చూస్తుండగా, ఆ మాట వెనక్కి తీసుకునేదాకా వదల్లేదు.